పదకొండు నెలల చోటు

మా అద్దె అగ్రిమెంటులో ఫ్యాన్లు అయిదు, ట్యూబులైట్లు ఏడు, గీజరు ఒకటి, అలమర తాళాలు రెండు అని వరసగా రాసి ఉంటుంది. ఖాళీ చేసే రోజున ఇవన్నీ లెక్కచూసి అప్పగించాలి. ప్రహరీ గోడవార వేపచెట్టు సంగతి అందులో లేదు. తెల్లవారుజామున ఈసా నది వైపు నుంచి వచ్చే చల్లగాలి సంగతి లేదు. గోడ అవతలి ఖాళీ ప్లాటులో మిట్టమధ్యాహ్నం అరిచే తీతువు సంగతీ లేదు. నెలనెలా అయిదో తారీఖున కట్టే అద్దె దేనికమ్మా అని ఎవరైనా అడిగితే, కాగితంలో ఉన్నవాటికన్నా లేనివాటికే ఎక్కువ కడుతున్నామని చెప్తాను. ఆ లేనివాటి ఓనర్లు ఎవరు, వాళ్లకి మా బాకీ చేరుతోందా అన్నది ఆరేళ్లుగా నన్ను వదలని ఆలోచన.

మేముండేది కిస్మత్‌పూర్‌లో, హైదరాబాదుకి నైరుతి అంచున. హిమాయత్‌సాగర్ కట్ట దిగిన ఈసా ఈ ఊరి పక్కనుంచే పోయి లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్‌లో మూసీని కలుస్తుంది. 1948లో గాంధీగారి అస్థికలు కలిపింది ఆ సంగమంలోనే. పాత ఊరు ఊరుగానే ఉంది, దాని చుట్టూ కాలనీలు పెరిగాయి. మేము వచ్చేనాటికి మా వీధిలో పదిహేను ప్లాట్లుంటే తొమ్మిదింట్లోనే ఇళ్లు లేచాయి. మిగతావాటిలో సర్కారు తుమ్మ, తంగేడు, వాన పడితే మోకాలెత్తు గడ్డి.

పెళ్లయి ముప్ఫయ్యేళ్లు దాటింది. ఇది మాకు ఎనిమిదో ఇల్లు. చిక్కడపల్లిలో వెనక పోర్షన్ దగ్గర మొదలుపెట్టి, నల్లకుంట, విద్యానగర్ మీదుగా ఇక్కడికి చేరాం. ఇల్లు ఎలా చూడాలో మా అత్తగారు నేర్పారు. ఆవిడ లెక్కలో ఏ ఇల్లయినా మూడుసార్లు చూడాలి. ఎండలో చూస్తే పడమటి గోడ ఎంత కాలుతుందో తెలుస్తుంది. పొద్దుగూకాక చూస్తే చుట్టుపక్కల మనుషులు తెలుస్తారు. వానలో చూస్తే నీళ్లు ఏ పక్కకి పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో తెలుస్తుంది. "గోడలు అందరూ చూస్తారు, నువ్వు నీళ్ల దారి చూడు" అనేవారు. 2019లో వానలు ఆలస్యమయ్యాయి. ఆషాఢం వచ్చేలోగా పాలు పొంగించాలని మా వారు తొందరపెడుతున్నా, జూన్ చివర్లో ఒక పెద్ద వాన పడేదాకా ఆవిడ సరేననలేదు. డెబ్బై ఆరేళ్ల మనిషి గొడుగేసుకుని వచ్చి, ఈ గేటు ముందు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నిలబడి, నీళ్లు ఆగకుండా వీధి చివరి పల్లానికి పోవడం చూసి, అప్పుడు లోపలికి వచ్చారు.

మేడమీద ఓనరుగారు ఉంటారు. భర్త పోయిన పెద్దావిడ, నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆరోజు ఆవిడ మమ్మల్ని ఒక్కటే అడిగారు: "మొక్కలకి నీళ్లు పోసే ఓపిక ఉందా అమ్మా?" ఇంకేమైనా అడుగుతారేమోనని కాసేపు ఎదురుచూశాను. ఎందుకంటే అంతకుముందు చూసిన ఇళ్లన్నింట్లో మొదటి ప్రశ్న వేరు. "మీరేవిట్లు?" అన్నదే ఆ ప్రశ్న. కొందరు సూటిగా అడుగుతారు. కొందరు ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగి, చుట్టుతిరిగి అక్కడికే వస్తారు. మా బళ్లో నాతో పనిచేసిన ఒక టీచరమ్మ ఫోనులో తన పేరు చెప్పగానే అవతలివాళ్లు "ఇల్లు ఇచ్చేశామమ్మా" అనేవారు. టులెట్ బోర్డు మాత్రం నెల్లాళ్లయినా గేటుకి వేలాడుతూనే ఉండేది. ఆ బోర్డు ముందునుంచే రోజూ బడికి నడిచివచ్చేది ఆ పిల్ల. పచ్చటి చెట్లూ, వెడల్పాటి రోడ్లూ, పోట్లాటల్లేని పక్కిళ్లూ అని ప్రశాంతత గురించి గొప్పగా చెప్పుకునే చోట్లే ఈ ప్రశ్న ఎక్కువ వినపడుతుందని నా అనుభవం. కొందరిని గేటు బయట నిలబెట్టి సంపాదించుకున్న ప్రశాంతత ప్రశాంతత కాదు. అది తలుపులేసుకున్న ఇల్లు, అంతే.

చేరిన మొదటి వారం నాకు నిద్రపట్టలేదు. విద్యానగర్‌లో రైలుపట్టాలకి దగ్గర్లో తొమ్మిదేళ్లున్నాం. అర్ధరాత్రి గూడ్సు పోతుంటే మంచం కింద నేల సన్నగా వణికేది. ఆ వణుకు లేకపోయేసరికి ఏదో తప్పిపోయినట్టుండేది. పడుకుని చెవులు రిక్కించేదాన్ని. దూరంగా అవుటర్ రింగ్‌రోడ్డు మీద లారీలు పోతున్న హోరు, వేపమీంచి రాలిన పుల్ల రేకుల మీద పడ్డ చప్పుడు, ఎక్కడో కుక్క. పది పదిహేను రోజులకి చెవి అలవాటుపడింది. ఇప్పుడు కళ్లు మూసుకుని కూర్చున్నా పొద్దు ఎంతెక్కిందో చెప్పగలను. అజాన్ వినపడి, ఆ వెనకే గుడిలో సుప్రభాతం మొదలై, పాలబండి వచ్చి వెళ్లాక రాజేంద్రనగర్ వైపు తోటల్లోంచి నెమలి కేక వస్తుంది. ఏడింటికి "తోటకూరా, పాలకూరా, చుక్కకూరా" అంటూ ఆకుకూరల ఆమె వస్తుంది. పదకొండింటికి నాలుగిళ్ల కుక్కర్లు ఒకదాని తర్వాత ఒకటి కూస్తాయి. పూర్వం నిశ్శబ్దమంటే చప్పుడు లేకపోవడమనుకునేదాన్ని. ఒక్కొక్క చప్పుడూ విడిగా, ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసేలా వినపడుతోందంటే, దాని చుట్టూ కావలసినంత ఖాళీ ఉందన్నమాట. ఆ ఖాళీ పేరే నిశ్శబ్దం. ఊరు మధ్యలో మనకి దొరకనిది ఆ ఖాళీయే.

మరి ఆ ఖాళీ ఇక్కడ ఎలా మిగిలింది? ఇది నేను వెతుక్కుని తెలుసుకున్న కథ. అద్దెకి ఉంటున్న ఊరి కథ మనకెందుకులే అనుకునే అలవాటు ఈ ఇంటికి వచ్చాకే పోయింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. హైదరాబాదు నడిబొడ్డు కొట్టుకుపోయి వేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు కింద నిలబడి పైకి చూశాను. కొమ్మల మధ్య అంతమంది ఎలా సర్దుకున్నారో, పసిపిల్లల్ని ఎవరు పట్టుకున్నారో, ఎవరు ఎవరికి చోటిచ్చారో ఊహకి అందలేదు. ఆ కొమ్మలమీద ఎవరూ ఎవరినీ "మీరేవిట్లు" అని అడిగి ఉండరు. అంత మాత్రం ఊహకి అందింది.

ఆ వరద తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. నదిని ఊళ్లోకి రాకముందే పైన ఆపాలన్నది ఆయన చెప్పిన ఉపాయం. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మన గండిపేట అంటే ఉస్మాన్‌సాగరే. వరద ఆపడానికి కట్టిన చెరువులు తరవాత తరతరాలకి తాగునీళ్లిచ్చాయి. ఆ నీళ్లు పాడవకుండా ఉండాలంటే వాటిలోకి వాన నీరు వచ్చి చేరే నేలంతా శుభ్రంగా, కాంక్రీటు పడకుండా ఉండాలి. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో ఉద్దేశం అదే. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, లక్షా ముప్ఫయిరెండు వేల ఎకరాల్లో కర్మాగారాలూ పెద్ద హోటళ్లూ కాలనీలూ రాకూడదని ఆంక్ష పెట్టారు. ఒక నూనె కర్మాగారానికి మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2000లో కోర్టు చెరువుల పక్షానే నిలబడింది. 2022లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ, చెరువుల నీళ్లకి హాని జరగకూడదన్న షరతుతో, ఇంకో ఉత్తర్వు వచ్చింది.

ఈ కథ చదువుతూ మొదట్లో నేను చెరువుల పక్షమే తీసుకున్నాను. ఇప్పటికీ అదే నా పక్షం. కానీ శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు నుంచి మా వీధికి కూరగాయలు తెచ్చే రైతు ఒకాయన ఉన్నాడు. బెండకాయలు తూస్తూ ఓ రోజు అన్నాడు: "రోడ్డు అవుతలోల్లు ఎకరం అమ్మి బిడ్డ పెండ్లి చేసిండ్రు. మాది జీవోల ఉండె. ఎవడు కొనడాయె." ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్లపాటు ఆ గ్రామాలవాళ్లు తమ నేలని నేలగా ఉంచారు కాబట్టి ఆ చెరువులు చెరువులుగా ఉన్నాయి, ఆ గాలి మా వేపచెట్టు దాకా వస్తోంది. వాళ్లలో అందరూ ఇష్టపడి ఉంచలేదు. ఉంచక తప్పలేదు. నగరం దానికి వాళ్లకిచ్చింది ఏమీ కనపడదు. నేను ఏ చల్లదనానికి అద్దె కడుతున్నానని మురిసిపోతున్నానో, దాని అసలు అద్దె ఆ రైతులు కట్టారు. చెరువుల్ని కాపాడాలని గట్టిగా అనే నాలాంటివాళ్లం, ఆ నష్టాన్ని పంచుకునే మార్గం గురించి కూడా అంతే గట్టిగా అడగాలి. అడక్కపోతే మన మాట సగమే.

నీళ్ల దారి చూడమన్న మా అత్తగారి మాట విలువ 2020 అక్టోబరులో తెలిసింది. 13వ తారీఖు సాయంత్రం మొదలైన వాన తెల్లవార్లూ ఆగలేదు. హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు. పాతబస్తీలో, టోలిచౌకిలో కాలనీలకి కాలనీలు నీళ్లలో ఉన్నాయి. మా వీధిలో చీలమండ లోతున నీళ్లు పారుతూ పల్లానికి పోయాయి, నిలవలేదు. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని ఆ పారడమే చూస్తూ కూర్చున్నారు. "నీళ్లకి చోటుంటే మనజోలికి రావు" అన్నారు. ఆ రాత్రి నీళ్లు నిండిన కాలనీల్లో ఎన్నో ఒకప్పుడు చెరువు శిఖాలూ నాలాలూ. నీళ్లు తమ పాత ఇంటికి వచ్చాయి.

అద్దె అగ్రిమెంటుకి ఈ పదకొండు నెలల లెక్క ఏమిటని చాలామంది అడుగుతుంటారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించి తీరాలని రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చూ, తిరుగుడూ లేకుండా పదకొండు నెలలకి రాసుకోవడం రివాజైంది. ఆ చట్టం కూడా 1908లో చేసిందే. నిజాం రాజ్యానికి అప్పట్లో అది వర్తించేది కాదు గానీ, మా వీధి చల్లదనానికి మూలమైన వరదా, మా అగ్రిమెంటుకి మూలమైన చట్టమూ ఒకే ఏడాదివని తెలిసినప్పుడు ఎందుకో ఆ కాగితం మీద నాకు గౌరవం పెరిగింది. పదకొండు నెలలకోసారి కూర్చుని, ఇక్కడ ఉండాలా వద్దా అని ఇద్దరూ మళ్లీ ఆలోచించి, మళ్లీ సరేననుకుని సంతకం పెట్టడంలో ఒక మర్యాద ఉంది. సొంతిల్లున్నవాళ్లకి ఆ అవసరం రాదు. తమ ఇంటిని ఏడాదికోసారి కొత్తగా చూసుకునే అవకాశమూ రాదు.

అలాగని అద్దెబతుకుని నేను అందంగా చూపించదలచుకోలేదు. అందులో ఉన్న కష్టం మా అందరి ఒంటికీ తెలుసు. మేకు కొట్టొద్దు, చుట్టాలు రెండు రోజులకి మించి ఉండొద్దు, రాత్రి పదింటికి గేటు తాళం. ఇవి చిన్నవి. పెద్దది ఇంకొకటుంది. మా మావగారు పోయినప్పుడు మేము వేరే ఇంట్లో ఉన్నాం. ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నామని ఫోను చేస్తే, శవం గేటు లోపలికి రాకూడదన్నారు ఇంటివాళ్లు. ఇల్లు ఆరు నెలలు మూతపెట్టాల్సొస్తుందని, మళ్లీ అద్దెకి ఎవరూ రారని వాళ్ల భయం. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ మరిచిపోలేను. పదమూడేళ్లు ఏ ఇంటి అద్దె తన పెన్షన్‌లోంచి కట్టారో, ఆ ఇంటి గేటు బయట, రోడ్డు మీద షామియానా కింద పెద్దాయన్ని పడుకోబెట్టాం. పక్కనుంచి స్కూటర్లు పోతున్నాయి. అత్తగారు ఆరోజు ఏడవలేదు. రోడ్డుమీద ఎలా ఏడవనని తరవాత ఎప్పుడో అన్నారు. తెలుగునాట అద్దెకుండే ఏ ఇంట్లో పెద్దవాళ్లున్నా ఈ భయం ఆ ఇంట్లో చడీచప్పుడూ లేకుండా తిరుగుతూ ఉంటుంది. సొంతిల్లు కావాలని మనవాళ్లు అంతగా ఆరాటపడేది బతకడానికి కన్నా ఇందుకేనేమో అనిపిస్తుంది.

ఈ ఇంటికి వచ్చిన మూడో ఏడు, సంక్రాంతి వెళ్లిన వారానికి అత్తగారు నిద్రలోనే పోయారు. తెల్లవారుజామున మావారు మేడ మెట్లెక్కి, పిన్నిగారికి ఎలా చెప్పాలో తెలియక తలుపు ముందు నిలబడ్డారు. తలుపు తీసి, ఆయన మొహం చూసి, ఆవిడే అన్నారు: "కబుర్లు చేసుకో నాయనా. నేను కిందికి వస్తున్నాను." చేతికర్ర పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగివచ్చి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిపించారు. మామూలుగా మేము ఒక రెక్కే తీస్తాం. రెండోది కారు రావాల్సి వస్తేనే. ఆ రోజంతా ఆ గేటు అలాగే తెరిచి ఉంది. వేపచెట్టు కింద వాకిట్లో పడుకోబెట్టాం. పదిరోజుల తరవాత వాకిలి కడిగి పిన్నిగారే ముగ్గు వేయించారు. మాకు చెప్పకుండా, మా అద్దెలో ఏమీ కలపకుండా. ఆ ఏడాది అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఆ కాగితంలో ఆ గేటు గురించి ఒక్క ముక్క లేదు. రాయడానికి అది ఏ కాలమ్‌లోకి వస్తుంది?

బాగా బతకడమంటే ఏమిటని ఈ వయసులో నన్నడిగితే నాకు తోచే మాట చోటు. మనకి ఎవరు చోటిచ్చారో తెలిసి ఉండటం, మన వంతు వచ్చినప్పుడు ఇవ్వడం. ఇంతకన్నా పెద్ద మాటలు నాకు రావు. ఈ చోటు సంగతి నాకు దగ్గరనుంచి చూపించింది మాత్రం ఒక పిట్ట.

ఆ ఏప్రిల్‌లో గోడ అవతలి ప్లాటులో తీతువు ఒకటి రోజంతా ఒకే చోట కూర్చుంటోందని గమనించాను. తీతువు అరుపు చావు కబురు తెస్తుందని మా అమ్మమ్మ అనేది. అత్తగారు పోయిన ఏడాదే కాబట్టి మొదట్లో ఆ అరుపు వింటే గుండె ఝల్లుమనేది. ఓ పొద్దున పిట్ట లేచినప్పుడు గోడమీంచి వంగి చూశాను. గూడు లేదు. చదును నేలమీద చిన్న గుంట, చుట్టూ బఠాణీలంత గులకరాళ్లు, మధ్యలో నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. ఒక్కసారి చూపు తప్పిస్తే మళ్లీ వెతుక్కోవాల్సిందే. రాళ్లలో రాళ్లలా కలిసిపోయాయి. పంచతంత్రంలో సముద్రం గుడ్లెత్తుకుపోతే గరుత్మంతుడి దాకా వెళ్లి తిరిగి తెచ్చుకున్న టిట్టిభం ఈ పిట్టే.

మధ్యాహ్నం ఎండకి నేల పేలిపోతోంది. మా వాకిలి కడిగిన నీళ్లు గోడ కన్నంలోంచి పోయి అటు చిన్న మడుగు కడతాయి. తీతువు అక్కడికి వచ్చి, నీళ్లలో పొట్ట ఆనించి, ఈకలు బాగా తడిసేదాకా కూర్చుని, వెళ్లి గుడ్లమీద ఆ తడిపొట్టతో కూర్చునేది. వేడి చెయ్యడానికి కాదు, చల్లబరచడానికి. కాసేపటికి రెండోది వచ్చి ఇది లేచేది. ఆడామగా ఇద్దరిదీ ఆ వంతు. అది చూసిన దగ్గర్నుంచి వాకిలి పొద్దున కడగడం మానేసి పన్నెండింటికి కడిగాను.

రెండో వారంలో ఆ ప్లాటులోకి ఇసుక టిప్పరు వచ్చింది. ఇల్లు మొదలుపెడుతున్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. మేస్త్రీ పాలమూరు మనిషి. నేను చూపించిన చోట కూర్చుని, తలకి చుట్టిన తువాలు విప్పి చెమట తుడుచుకుని గుడ్లకేసి చూశాడు. తీతువులు రెండూ మా తలలమీద తిరుగుతూ అరుస్తున్నాయి.

"ఎన్నొద్దులల్ల పిల్లలయితయమ్మా?"

"ఇంకో పదిహేను ఇరవై రోజులు పట్టొచ్చన్నా."

"సారుకి చెప్త. ముగ్గు ఆ కొసకెల్లి మొదలువెడ్తం. ఇసుక రోడ్డుమీదనే పోస్తం. గీ మూలకు ఎవర్ని రానియ్య."

నాలుగు కర్రలు పాతి, వాటికి తన దగ్గరున్న తాడు చుట్టాడు. కూలీల పిల్లలు ఆ తాడు దాటలేదు. మే నెల రెండో వారంలో ఓ పొద్దున గుంటలో పెంకులే ఉన్నాయి. గోళీలకి కాళ్లొచ్చినట్టు నాలుగు పిల్లలు అటూ ఇటూ నడుస్తున్నాయి. పుట్టిన రోజే నడిచాయి. పెద్దది అరిస్తే చాలు, నేలకి కరుచుకుని మాయమైపోయేవి. రెండు రోజులకి ఆ ప్లాటు వదిలి వెళ్లిపోయాయి. ఆ మర్నాడు మేస్త్రీ తాడు విప్పాడు.

అక్కడిప్పుడు రెండంతస్తుల ఇల్లుంది. మంచివాళ్లు. తీతువులు మరుసటేడు మూడు ప్లాట్ల అవతలికి, ఆ పైయేడు వీధి చివరికీ జరిగాయి. మేము వచ్చినప్పుడు పదిహేనింట్లో ఆరు ఖాళీగా ఉండేవి, ఇప్పుడు రెండే. పిన్నిగారు వాళ్లు ఈ స్థలం కొన్ననాడు ఇక్కడ ద్రాక్షతోటట. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పందిళ్ల నుంచి వేలాడుతుండేవని చెప్తారు. అంటే మేము కూడా ఎవరినో జరిపే వచ్చాం. ఊరి అంచున పచ్చదనం కోసం వచ్చే ప్రతి ఇల్లూ ఆ అంచుని ఒక గజం అవతలికి నెడుతుంది. ఇది తెలిసి ఇక్కడ ఉండటం ఒక బరువు. ఆ బరువు దించుకునే దారి నాకు దొరకలేదు. తగ్గించుకునే పనులు మాత్రం కొన్ని చేస్తున్నాం. ఆకులు తగలబెట్టకుండా పెరటి గుంటలో వేస్తాం. మేడమీద పడ్డ వాన బోరు పక్క ఇంకుడుగుంటలోకి పోయేలా గొట్టం పెట్టించాం. ఓనరు చెయ్యాల్సిన పనికి మీరెందుకు ఖర్చుపెట్టారని చుట్టాలు అడిగారు. ఆ నీళ్లు తాగుతున్నది మేమే కదా. వాకిటి లైటు తొమ్మిదింటికి ఆర్పేస్తాం. గోడ పక్క ఖాళీ జాగాలో చెత్త వెయ్యం, వెయ్యనివ్వం.

వచ్చే నెల మళ్లీ అగ్రిమెంటు రాసుకోవాలి. అద్దె కాస్త పెంచుతానని పిన్నిగారు ముందే చెప్పారు, న్యాయమైన మాటే. ఫ్యాన్లలో ఒకటి పాడైంది, అది మార్పించి లెక్కలో అయిదూ చూపించాలి.

మీరూ ఎప్పుడైనా ఊరి అంచున ఇల్లు చూడటానికి వెళితే కుళాయిలు తిప్పి చూడండి, పడమటి గోడ తాకి చూడండి, వానలో ఒకసారి మళ్లీ వెళ్లి నీళ్లెటు పోతున్నాయో చూడండి. మీ ఇల్లే అద్దెకిస్తున్నట్టయితే, వచ్చినవాళ్లని మొక్కలకి నీళ్లు పోస్తారా అని అడగండి, అది చాలు. పక్కనున్న ఖాళీ ప్లాటులోకి దిగేటప్పుడు మాత్రం నేల చూసి అడుగెయ్యండి. మార్చి నుంచి ఆగస్టు దాకా తీతువులు గుడ్లు పెడతాయి.